సాన్పి తడి – ముగ్గు గీత

మన హనుమకొండ వాకిళ్లలో సాన్పి చల్లాక కాసేపు ఆగి గాని ముగ్గు వేయరు. తడి ఎక్కువైతే గీత చెదురుతుంది; మరీ పొడిగా ఉంటే పిండి గాలికి నిలవదు. ఇదే సంగతి మీద రసాయన శాస్త్రంలో పెద్ద తర్జనభర్జన నడుస్తోందంటే నవ్వుతారేమో!

కణజాలంలో ఏ అణువు ఎక్కడుందో పటం గీసే విద్య ఒకటుంది. పేరు ఇమేజింగ్ మాస్ స్పెక్ట్రోమెట్రీ. 1985లో జర్మనీలో కరాస్, హిల్లెన్‌కాంప్ బృందం 'మాల్డీ' పద్ధతికి పునాది వేస్తే, 1997లో అమెరికాలో కాప్రియోలి బృందం దాన్ని పటాలకు వాడింది. గడ్డకట్టించిన కణజాలాన్ని సుమారు 10 మైక్రాన్ల పొరగా కోసి, గాజు పలక మీద పరిచి, పైన 'మాట్రిక్స్' అనే స్ఫటికాల పూత వేస్తారు. లేజర్ కాంతిని పీల్చుకుని అణువులను అయాన్లుగా పైకి లేపేది ఆ పూతే. లేజర్ తాకిన ఒక్కో చోటికీ ఒక ద్రవ్యరాశి లెక్క వస్తుంది. అవన్నీ కలిస్తే పటం.

మరి పూత వేయడమెలా? ఒకటి, పత్తి చేలకు మందు కొట్టినట్టు పిచికారీ. ద్రావణి తడి అణువులను పైకి లాగుతుంది గనక సంకేతం బలంగా వస్తుంది. తడి మించిందా, అణువులు చోటు వదిలి పక్కకు పారతాయి. రెండోది, చుక్కలు పెట్టడం. పారినా చుక్క దాటవు; అయితే పటం ఆ చుక్క కన్నా సన్నగా రాదు. మూడోది ఉత్పతనం. 2007లో హాంకిన్, బార్క్‌లీ, మర్ఫీ చేసి చూపారు. వాక్యూంలో వేడిచేస్తే మాట్రిక్స్ కర్పూరంలా ఆవిరై, పైన చల్లగా ఉంచిన పలక మీద సన్నగా పేరుకుంటుంది. ద్రావణి లేదు కనుక పారడం లేదు. కొవ్వు పదార్థాలకు ఇది భేషైన పద్ధతి. ప్రొటీన్లు మాత్రం తడి తగలందే కదలవు. వాటికి తర్వాత కాస్త ద్రావణి ఆవిరి పట్టించాలి.

ఇందులో ఏది గొప్పదని అడగడం కన్నా, మనకు కావలసిందేమిటని అడగడం మేలనిపిస్తుంది నాకు. మందు కణితి లోపలికి చేరిందా, అంచునే ఆగిందా అని వైద్యుడు అడిగాడనుకోండి. పారిన తడి, చేరని మందును కూడా చేరిందని చూపగలదు! రంగురంగుల పటం చూసి ఎవరికీ అనుమానం రాదు. అందుకే ఒకే కణజాలం నుంచి పక్కపక్క పొరలు కోసి, రెండు తీరులా పూసి పోల్చుకోవాలి.

మాస్ స్పెక్ట్రోమీటరు కోట్ల సరుకు, నిజమే. ఉత్పతనానికి మాత్రం గాజు పాత్ర, వాక్యూం పంపు, ఇసుక తొట్టి, ఐసు చాలు. బెంజోయిక్ ఆమ్లాన్ని శుద్ధి చేసి, రికార్డులో రెండు పేజీలు నింపి మరచిపోయే ప్రయోగం ఇంత దూరం పోయిందని తెలిశాక, మిత్రులారా, ఆ రికార్డును మళ్లీ తిరగేయాలనిపించింది.