పనసాకు బుట్టా, ప్లాస్టిక్ సంచీ

మతిమరుపు మా గోదావరి జిల్లాల ఆడవాళ్ళకి కొత్త కాదు. తాళంచెవులు బొడ్లో దోపుకుని ఇల్లంతా వెతకడం, పొయ్యి మీద పాలు పెట్టి పక్కింటి పిన్నిగారితో పెళ్ళికబుర్లలో పడడం - వీటికెవరూ బెంగపెట్టుకోరు. కన్నకూతుర్ని పట్టుకుని "ఎవరి తాలూకమ్మా నువ్వు?" అని అడిగే మతిమరుపు ఉంది చూశారూ, భయమంతా దానితోనే. డాక్టర్లు దాన్ని డిమెన్షియా అంటారు.

2025 ఫిబ్రవరిలో అమెరికాలోని న్యూ మెక్సికో విశ్వవిద్యాలయం వాళ్ళు 'నేచర్ మెడిసిన్' పత్రికలో ఒక సంగతి బయటపెట్టారు. చనిపోయినవాళ్ళ మెదళ్ళు పరీక్షిస్తే కంటికానని ప్లాస్టిక్ తునకలు కనిపించాయట. కాలేయంలో, మూత్రపిండాల్లో కన్నా మెదడులోనే ఎక్కువట! 2016లో పోయినవాళ్ళకన్నా 2024లో పోయినవాళ్ళలో ఇంచుమించు సగం ఎక్కువ. డిమెన్షియాతో పోయిన 12 మందిలో మరీనూ. అందులో ముఖ్యమైనది పాలిథిన్, అంటే మన కూరల సంచి జాతిదే.

అలాగని గుండె బాదుకోనక్కర్లేదు. కాకి వాలిందని తాటిపండు రాలిందా, రాలే పండు మీద కాకి వాలిందా? ప్లాస్టిక్ వల్లే మతి పోయిందని వాళ్ళూ అనలేదు. జబ్బుతో మెదడు కంచె బలహీనపడితే తునకలు జొరబడి ఉండొచ్చు. అసలే మెదడంటే కొవ్వు. ఆ పరీక్షలో కొవ్వే పాలిథిన్‌లా కనిపించి లెక్క పెరిగి ఉంటుందనే శాస్త్రజ్ఞులూ ఉన్నారు.

నా బెంగల్లా వేడి దగ్గరే. కాగితం కప్పులో లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అందులో 100 మిల్లీలీటర్ల వేడినీళ్ళు 15 నిమిషాలుంచితే 25,000 తునకలు ఊడివచ్చాయని ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్ళు 2020లోనే లెక్క తేల్చారు. టీ కప్పు సంగతే అలా ఉంటే, సలసలా కాగే సాంబారుని పల్చటి సంచిలో పోసి దారం బిగించి ఇస్తున్నారే!

కోనసీమలో అంబాజీపేట పొట్టిక్కల్ని తల్చుకోండి. పనసాకుల్ని ఈనెపుల్లలతో కుట్టి, ఆ బుట్టలో పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు వాసన పిండికి పట్టడమే దాని రుచి. ఏ పాత్రలో వండితే దాని గుణం కొంత తిండికి దిగుతుందని మన ముసలమ్మలకి వేరే చెప్పాలా? అంత ముచ్చటైన పొట్టిక్క పక్కన వేడి సాంబారు సంచి!

కేరేజీ పట్టుకెళ్ళండి అంటే మగవాళ్ళకి నామోషీ. "నలుగురూ చూస్తే ఏవనుకుంటారే?" అంటారు. ఆ నలుగురి చేతుల్లోనూ వేలాడేవి సాంబారు సంచులే. అందుకని గట్టిమూత స్టీలుగిన్నె ఒకటి మా స్కూటరు డిక్కీలోనే పడేసి ఉంచాను.