ఒకటిన్నర అంగుళం

వంటింటి గట్టు ఒకటిన్నర అంగుళం ఎత్తు పెంచాలంటే ఇంట్లో వారంరోజులు చర్చ జరుగుతుంది. మా కారు ఒకటిన్నర అంగుళం కిందికి దిగినప్పుడు మాత్రం ఎవరం అంత ఆలోచించలేదు. ఆలోచించి చెప్పాల్సిన మనిషి నోరు మెదపలేదు.

మాది 2004లో కొన్న మారుతి జెన్. పదిహేనేళ్లు నిండాక 2019లో ఒకసారి, 2024లో మరోసారి రవాణా ఆఫీసులో చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నాం. "అమ్మేసి కొత్తది కొనకూడదూ?" అని ఎవరైనా అడిగితే మావారు, "అది మా ఆవిడ పుట్టింటివాళ్లు పెట్టిన ఇత్తడి గిన్నెలాంటిదండీ. సొట్టలున్నా కారదు" అంటారు. ఆ కారులో సత్యనారాయణపురం నుంచి బెంజి సర్కిల్ దగ్గర ఆఫీసుకు రోజూ వెళ్లొచ్చేది నేనే. సోమవారం సాయంత్రం మాత్రం త్వరగా వచ్చి అత్తగారిని శివాలయానికి తీసుకెళ్తాను. వారం మొత్తంలో ఆవిడ గడప దాటేది ఆ ఒక్క పూటే.

మా చిన్నాడు ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం. ఎక్కడో రెండు నెలలు పని నేర్చుకుని మొదటిసారి స్టయిపెండు తెచ్చుకున్నాడు. నాకు చీర కొంటాడేమో అనుకున్నాను. వాడు కారుకి స్ప్రింగులు కొంటానన్నాడు.

"మలుపుల్లో బండి ఎలా ఒరిగిపోతోందో చూడమ్మా. పొట్టి స్ప్రింగులు వేస్తే బరువంతా కిందికి దిగుతుంది. నేలకి అతుక్కుని పోతుంది" అన్నాడు. కొందరు డబ్బు మిగులుతుందని ఉన్న స్ప్రింగునే ఒక చుట్టు కోయించేస్తారట. అలా కోసింది బిగుసుకుపోతుందట. చక్రం గుంటలో వేలాడినప్పుడు చోటు తప్పి జారిపోయినా పోవచ్చట. వేడిచేసి కుంగదీస్తే ఇనుములో పదునే పోతుందట. "నేనలాంటివి చెయ్యను. తగిన షాక్ అబ్జార్బర్లు కూడా వేయించి, చక్రాల అలైన్‌మెంటు మళ్లీ చూపిస్తాను. లేకపోతే టైర్లు ఒక అంచునే అరుగుతాయి" అన్నాడు.

"కంపెనీవాడిచ్చిన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు చెప్పిందిరా" అని మావారు పేపరు లోంచి తల ఎత్తారు. వాడు నా వైపు చూశాడు. మొదటి సంపాదన చేతిలో ఉన్న పిల్లాడి మొహం చూసి కాదనగల తల్లి ఉంటుందా? నేను తలూపాను.

ఆటోనగర్ నుంచి కారు తిరిగొచ్చింది, పెళ్లిపీటల మీద పెళ్లికూతురిలా తల వంచుకుని. పాత స్ప్రింగుల్ని వాడు గోనెసంచిలో కట్టి అటకెక్కించాడు. అబద్ధమెందుకు, నాకూ ముచ్చటేసింది. మలుపుల్లో ఒరగడం తగ్గింది.

చిక్కు స్పీడ్ బ్రేకర్ల దగ్గర వచ్చింది. జాకెట్టు కొలతల టేపు పెట్టి చూశాను. కారు అడుగుకీ నేలకీ మధ్య ఆరున్నర అంగుళాలు ఉండేది, ఐదయింది. మనుషులెక్కితే ఇంకా తగ్గుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకరు పది సెంటీమీటర్ల ఎత్తు, మూడు మీటర్ల డెబ్బై సెంటీమీటర్ల వెడల్పు ఉండాలని మావాడు చదివి వినిపించాడు. అంటే నాలుగంగుళాల ఎత్తుని నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగాలన్నమాట. మా వీధి చివరిది ఎవరో ఇల్లు కట్టగా మిగిలిన సిమెంటుతో వేసింది. దానికి ఏ లెక్కలూ తెలియవు. దానిమీద కారు గర్రుమన్నప్పుడల్లా నా వెన్నే గీసుకుపోయినట్టుండేది. అయినా మావాడితో అనలేదు.

మొదటి సోమవారం గుడి దగ్గర అత్తగారు దిగడానికి కాస్త ఆలస్యం చేశారు. వయసు కదా అనుకున్నాను. రెండో సోమవారం "ఇవాళ ఓపిక లేదే అమ్మాయ్" అన్నారు. మూడో సోమవారం "ఇంట్లోనే దీపం పెట్టుకుంటాను. శివుడు ఎక్కడైనా శివుడే" అన్నారు. ఆవిడకి వైరాగ్యం వస్తోందని మావారు దిగులుపడ్డారు.

నాలుగో సోమవారం ఆఫీసు నుంచి వస్తూ చూద్దును కదా, గుడి ముందు ఆటో ఆగి ఉంది. అందులోంచి మా అత్తగారు కమ్మీ పట్టుకుని, ఒక్కో కాలే కింద పెట్టుకుంటూ దిగుతున్నారు. కారాపి పరుగెత్తాను.

"ఇదేమిటత్తయ్యా! నేను తీసుకురానా?"

ఆవిడ దొంగతనం బయటపడ్డ చిన్నపిల్లలా నవ్వారు. "ఆటో ఎత్తుగా ఉంటుందే. పట్టుకోడానికి కమ్మీ కూడానూ. మన కారులో కూర్చుంటే పీట మీద కూర్చున్నట్టుంది. మోకాళ్లు లేవనివ్వడం లేదు."

"మరి చెప్పొద్దూ?"

"వాడి మొదటి డబ్బులే అవి. నోరెలా వస్తుందే?"

జెన్ సీటు అసలే కిందికి. నా మోకాలికి లెక్కలోకి రాని ఒకటిన్నర అంగుళం ఆవిడకి గుడినే దూరం చేసింది. నేను కొలిచింది కారు కింది ఖాళీని. దిగేటప్పుడు ఆవిడ చెయ్యి ఆసరాకి దేన్ని వెతుక్కుంటోందో చూడలేదు.

రాత్రి మావాడికి అన్నం వడ్డిస్తూ సంగతి చెప్పాను. వాడు మాట్లాడలేదు. పెరుగన్నం తినకుండానే లేచాడు. ఆదివారం పొద్దున్నే అటక మీద గోనెసంచి చప్పుడు వినిపించింది. సాయంత్రానికి కారు మళ్లీ తల ఎత్తుకుని వాకిట్లో నిలబడింది.

మర్నాడు కారు వాడే నడిపాడు. గుడి దగ్గర అత్తగారు తలుపు పట్టుకుని లేచి నిలబడ్డారు.

"ఆ కొత్త నూనె బాగా పనిచేసినట్టుందే అమ్మాయ్. ఇవాళ మోకాళ్లు తేలిగ్గా ఉన్నాయి" అన్నారు.

ఆవిడకి నిజంగా తెలియలేదా, మనవడి కోసం అలా అన్నారా? నేనడగలేదు. ప్రసాదం తెచ్చి మాత్రం, ఎప్పుడూ నాకు పెట్టే మొదటి కొబ్బరిముక్క వాడి చేతిలో పెట్టారు.