అఖండ గోదావరి నుండి అన్నాచెల్లెళ్ల గట్టు వఱకు

రాజమహేంద్రవరమున రేవుమెట్లపై నిలిచి చూచినప్పుడు గోదావరి యొక్కటియే. ఆవలి యొడ్డున కొవ్వూరి చెట్లు నల్లనిగీతవలె కానవచ్చును. నడుమ నంతయు నీరే. ఇచ్చటి జనులు దీనిని అఖండ గోదావరి యందురు. నాసికకడ త్ర్యంబకమున పుట్టి, మొత్తముమీద 1465 కిలోమీటర్లు నడచు నీ నది యిక్కడికి వచ్చువఱకు చీలదు. కొలదిదూరము దిగువను ధవళేశ్వరము దాటగానే పాయలగును.

ఋషులు నదిని ఏడుపాయలుగా కొనిపోయి సముద్రమున గలిపిరని పురాణగాథ. తుల్యభాగ, ఆత్రేయ, గౌతమి, వృద్ధగౌతమి, భారద్వాజ, కౌశిక, వసిష్ఠ యని వాని పేళ్లు. భూగోళము చదివినవారు మాత్రము గౌతమి, వసిష్ఠ, వైనతేయలనే ముఖ్యముగా లెక్కింతురు. తక్కినవానిలో కొన్ని కాలువలైనవి. తుల్యభాగ నేడు మురుగునీటి కాలువగా వాడబడుచున్నది. అయినను పుష్యబహుళామావాస్యనాడు చొల్లంగిలో మొదటి స్నానముచేసి, మాఘశుద్ధ ఏకాదశికి అంతర్వేది చేరువారి సంఖ్య తగ్గలేదు. దీనికే సప్తసాగరయాత్ర యని పేరు. సంతానము గోరి చేయువారే యిందు పెక్కుమంది.

మా వదినెయు అందుకొఱకే బయలుదేరెను. పెండ్లియై తొమ్మిదేండ్లయినది. వైద్యులకు పెట్టవలసినది పెట్టుట, మ్రొక్కవలసిన దేవతలకు మ్రొక్కుట ముగిసినవి. తోడుగా మేమును, మా దొడ్డమ్మగారును పోయితిమి. దొడ్డమ్మగారికి డెబ్బదియైదేండ్లు. చిన్ననాటనే భర్త పోయిన యామెకు పరశురామపంతుల లింగమూర్తిగారి సీతారామాంజనేయసంవాదమే నిత్యపారాయణము. వేదము వినరాదని పెద్దలు శాసించిన దినములలో మన తెలుగు స్త్రీలు అద్వైతమును ఇట్టి పద్యగ్రంథముల మూలముననే నేర్చిరి. వంటయింటి గూటిలో పసుపుమరకలతో నుండిన యా పుస్తకములను మాలో ననేకులు చూచియే యుందురు. శ్రీరాముని తత్త్వమును హనుమంతునకు ముందుగా బోధించినది సీతమ్మయే యని అధ్యాత్మరామాయణము చెప్పుచున్నది. ఈ సంగతి దొడ్డమ్మగారు మాకు నూఱుసార్లయినను చెప్పియుందురు.

ధవళేశ్వరముకడ కొంతసేపు నిలిచితిమి. కాటన్ దొర 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కు ముగించెను. ఇప్పుడున్న బ్యారేజి తరువాతికాలమున గట్టినది. ఇక్కడినుండి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువలు పోవును. నీటిలో తూర్పునీరు, పడమటినీరు అను భేదము లేదు. కాని యే చేనికి ఏనాడు వంతు వచ్చునన్నచో ఆ భేదము మిక్కిలి నిజము. కాలువచివర రైతు నడిగి చూడుడు. శంకరభగవత్పాదులు వ్యవహారము, పరమార్థము అని రెండు మెట్లు చెప్పినది ఇందుకే. ఆత్మజ్ఞానము కలుగువఱకు లోకవ్యవహారమంతయు తన మెట్టుపై చెల్లునదే యని వారి భాష్యము. మిథ్య యనగా లేనిది యని కాదు. చీకటిలో త్రాటిని చూచి పామనుకొన్నవానికి గుండెదడ కల్ల గాదు. దీపము తెచ్చినప్పుడే యది తగ్గును గాని, "పాము లేదు పొమ్ము" అని కసరినంతమాత్రమున తగ్గదు.

ఈ మాట యింత విపులముగా వ్రాయుటకు కారణము చొల్లంగిలో జరిగిన యొక చిన్న సంగతి.

చొల్లంగి కాకినాడకు సమీపమున, కోరంగి మడయడవుల చెంతనున్న యూరు. 1930లో బులుసు సాంబమూర్తిగారు మొదలగువారు ఉప్పుచట్టమును ధిక్కరించినదియు నిచ్చటనే. అమావాస్యనాటి వేకువను జనము మోకాలిలోతు బురదలో దిగి స్నానము చేయుచుండిరి. నీరు నోటికి తగిలిన చప్పన గాదు, ఉప్పన గాదు, ఆ రెంటికి నడుమ. స్నానమై తడిబట్టలు పిండుకొనుచుండగా ప్రక్కనున్న యొక గృహిణి వదినెను పలుకరించి, యాత్ర యెందుకో తెలిసికొని నవ్వెను. మంచి చదువరి, నెమ్మది మనిషి. ప్రతిదినము ఫోనులో వేదాంతప్రవచనములు వినునట. "అంతయు మాయయే గదండీ! బిడ్డలనునది మనస్సు కల్పించుకొన్న బంధము. ఉన్నది ఆత్మ యొక్కటే. మా కిద్దఱున్నారు, ఏమి సుఖము?" అని యామె యనెను. అనుచునే తన చిన్నకుమారుని తల తుడుచుచుండెను.

వదినె మాఱు పలుకలేదు. బస్సులో కిటికీవైపు తిరిగి కూర్చుండెను. కోరంగి వచ్చినది. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవది, 1839 నవంబరునాటి తుపాను దానిని నాశనము చేసినది. అటుతరువాత యానాము. 1954 వఱకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండి, నేడు పుదుచ్చేరి ప్రభుత్వమున జేరిన యా పట్టణమున, అదే గౌతమి యొడ్డున, దుకాణముల బోర్డులపై పుదుచ్చేరి పేరుండును. ఇవేవియు వదినె చూడలేదు.

నేడు అద్వైతము నేర్వదలచినవారి కేమియు కొఱత లేదు. ఉపన్యాసములు, పుస్తకములు, శిబిరములు కావలసినన్ని కలవు. అది మంచిదియే. కాని "మాయ" యను మాట వచ్చినంత త్వరగా వివేకము రాదు. తన పంటినొప్పికి వైద్యునొద్దకు పరుగెత్తి, పరుల దుఃఖమునకు మాత్రము బ్రహ్మమును వడ్డించు జిజ్ఞాసువులను మేము పెక్కుమందిని చూచితిమి. మేమును అట్లు చేసితిమి. మా చెల్లెలు గర్భస్రావమై మంచముపై నున్నప్పుడు గీత చేతబట్టుకొని పోయి ఆత్మకు చావులేదని చెప్పివచ్చితిమి. ఆమె మాతో ఆరునెలలు మాటలాడలేదు.

ఆ రాత్రి యొక సత్రములో పండుకొన్నప్పుడు వదినె తానై యడిగెను. "అత్తయ్యగారూ, ఆమె చెప్పినది శాస్త్రమేనా? నా కోరిక అజ్ఞానమేనా?"

దొడ్డమ్మగారు వెంటనే సమాధానము చెప్పలేదు. దిండు సర్దుకొని బృహదారణ్యకములోని మైత్రేయి కథ నెత్తుకొనిరి. యాజ్ఞవల్క్యుడు ఇల్లు విడువదలచి, ఉన్నది భార్యలిద్దఱకు పంచెదననెను. భూమినిండ ధనమున్నను దానితో అమృతత్వము వచ్చునా యని మైత్రేయి యడిగెను. రాదనగా, అట్లయిన నాకా ధనమెందుకు, మీకు తెలిసినదే చెప్పుడనెను. అప్పుడాయన చెప్పెను: భర్తగాని, భార్యగాని, బిడ్డలుగాని, ధనముగాని వారివారి కొఱకై ప్రియమగుట లేదు, ఆత్మకొఱకే ప్రియమగుచున్నవి.

"చూచితివా, అమ్మాయీ, బిడ్డలను ప్రేమింపకుమని ఆయన యనలేదు. ఆ ప్రేమ యెక్కడినుండి ఊరుచున్నదో చూడుమనెను. నీకింకను పుట్టని బిడ్డపై ఇంత ప్రేమ యున్నది గదా. బిడ్డ రాకముందే యది యెట్లు వచ్చినది? ఎవరిది? అది చూచుకొనుము. కోరవలదని నేను చెప్పను."

"పేరు నిలుపువారు లేరని మా అత్తగారు..." అని వదినె ఆగిపోయెను.

"ఎవరి పేరు నిలిచినదమ్మా? మీ మామగారి ముత్తాతపేరు చెప్పుము." వదినెకు తెలియదు. మాకును తెలియదు. దొడ్డమ్మగారికిని తెలియకపోవుటచే ముగ్గురమును నవ్వుకొంటిమి.

తరువాత నామె ఉప్పుగల్లు దృష్టాంతము చెప్పిరి. నీట వేసిన ఉప్పుగల్లు కరగిపోవును. మరల చేతితో తీయలేము, కాని యేమూల రుచిచూచినను ఉప్పే. జీవుడును అట్లే విశాలమైన చైతన్యములో కలియును, కలిసినపిమ్మట వేఱుగా పేరు, తెలివి యుండవు. ఈ మాట విని మైత్రేయి భయపడినది, నన్ను తికమకపెట్టితివని భర్తనే నిలదీసినది. మాకు ఈ ఘట్టమే మిక్కిలి ప్రియము. అంతటి బ్రహ్మవాదినియు తాను లేకపోవుదునేమో యని బెదరెను. ఆయన కసరలేదు. ఇద్దఱున్నచోటనే యొకరు వేఱొకరిని చూచుట, వినుట యుండును, సర్వమును తానేయైనచోట దేనితో దేనిని చూచునని మరల నెమ్మదిగా విప్పిచెప్పెను. ఈ సంభాషణ ఆ యుపనిషత్తులో రెండుచోట్ల కలదు. ఒకసారి చెప్పిన చాలునది కాదు కాబోలు. మఱియొక విశేషము: మైత్రేయి యడిగినది గనుక చెప్పెను. కాత్యాయని యడుగలేదు, ఆమెకు చెప్పబోలేదు.

తక్కిన సంగమములను గూర్చి వ్రాసిన గ్రంథమగును. ఆటోలు, పడవలు, కొబ్బరితోటల నడుమ గట్లు, పులిహోరపొట్లములు, మా కాలిబొబ్బలు. పదునొకండవనాడు అంతర్వేది చేరితిమి. దశమిరాత్రి లక్ష్మీనరసింహస్వామి కల్యాణము, ఏకాదశికి రథోత్సవము. పాతరథము 2020 సెప్టెంబరులో కాలిపోగా మరుసటియేట క్రొత్తది చేయించిరి. "రథము కదలినది" అని జనులు కేకవేసినప్పుడు ఏ రథమని యడిగినవారు లేరు.

వసిష్ఠ సముద్రమున గలియుచోటిని అన్నాచెల్లెళ్ల గట్టు అందురు. ఇటు బురదవన్నె, అటు నీలము. నడుమ నొక గీత. కొంతసేపు చూచినచో ఆ గీత యొకచోట నుండదు. అలతో పోవును, వచ్చును. పురోహితుడు గోత్రనామములడిగి, సంకల్పమునకు "కోరిక యేమమ్మా?" అనెను. వదినె దొడ్డమ్మగారివైపు చూచెను. వారు చీరకొంగు సర్దుకొనుచు ఏమియు ననలేదు. "సంతానమే" అని వదినె స్పష్టముగా చెప్పెను. పదిదినములుగా తలవంచుకొని గొణిగిన మాటను ఆనాడు తలయెత్తి చెప్పెను. మూడుమునుగులు మునిగి, దోసిటినీరు రుచిచూచి, "ఇక్కడ ఉప్పే" అనెను.

సఖినేటిపల్లి రేవున నరసాపురము పంటుకై కాచుకొనియుండగా మరల అడిగెను. "అత్తయ్యగారూ, మైత్రేయి తరువాత నేమి చేసినది?"

"అది యందులో లేదమ్మా. ఆయన వెడలిపోయెనని మాత్రమున్నది."

"మీరేమనుకొందురు?"

"కాత్యాయని యింట వంట చేయుచుండును గదా. అక్కడికే పోయి కూరలు తరిగియుండును."

వదినె ఫక్కున నవ్వెను. అంతలో పంటు ఒడ్డున తగిలినది. మోటారుసైకిళ్లు దిగువఱకు ఆగి, సంచులెత్తుకొని యెక్కితిమి.