వేగానికి కళ్లెం

నేను కొత్తవాడ హాస్టల్లో తొమ్మిదో తరగతి చదువుతున్న రోజులవి. ఒకనాటి సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు పెన్ను కొనుక్కుందామని రోడ్డు దాటుతున్న ఆరో తరగతి తమ్ముణ్ణి ఒక బైకు గుద్ది ఆగకుండా వెళ్లిపోయింది. కాలు విరిగింది. ఊరి నుంచి వచ్చిన వాళ్లమ్మ "సదువుకొమ్మని పంపితే ఇట్లాయె సారూ!" అని వార్డెన్ సారు ముందు కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపు నేటికీ నా చెవుల్లోనే ఉంది.

మర్నాడు మేమందరం కలిసి అట్టముక్క మీద "నెమ్మదిగా వెళ్లండి" అని రాసి చెట్టుకు కట్టాం. వానకు తడిసి ఊడిపోయేదాకా ఒక్క బండి కూడా దాన్ని చూసి నెమ్మదించలేదు.

అదే కొత్తవాడలో ఇంకొకటి గమనించాను. జంపఖానాలు నేసే నేతన్నలు అప్పుడప్పుడు పొద్దున్నే గల్లీలో పడుగు చాపి సరిచేసుకునేవారు. అక్కడికి రాగానే ఎంత దూకుడుగా వచ్చినవాడైనా బ్రేకు వేసేవాడు. అక్కడ బోర్డు లేదు, పోలీసు లేడు. దారి ఇరుకుగా కనిపించేది. ఎదురుగా పని చేసుకుంటున్న మనిషి కనిపించేవాడు. అంతే!

మనసుకున్న ఈ గుణాన్ని ఇతర దేశాలవారూ వాడుకున్నారు. అమెరికాలోని షికాగోలో 2006లో ఒక ప్రమాదకరమైన మలుపు ముందు రోడ్డుకు అడ్డంగా తెల్లగీతలు గీశారు. మలుపు దగ్గరపడేకొద్దీ గీతల మధ్య దూరం తగ్గుతుంది. దాంతో బండి వేగం పెరుగుతున్నట్లు తోచి, డ్రైవరు తనంతట తానే తగ్గిస్తాడు. స్వీడన్‌లోని స్టాక్‌హోంలో 2010లో మూడు రోజులపాటు, పరిమితి దాటకుండా వెళ్లినవారిని లాటరీలో చేర్చారు. బహుమతి సొమ్ము, వేగంగా పోయినవారు కట్టిన జరిమానాలదే. సగటు వేగం గంటకు 32 కిలోమీటర్ల నుంచి 25కు తగ్గింది.

మరి భయం పనిచేయదా? చేస్తుంది, కానీ అది నమ్మకమైన భయం కావాలి. 2019లో బెంగళూరులో ట్రాఫిక్ పోలీసు దుస్తులు తొడిగిన బొమ్మలను కూడళ్లలో నిలబెట్టారు. మన చేలల్లో దిష్టిబొమ్మ లాంటిదే. కదలదని తెలిస్తే పిట్టలు దిష్టిబొమ్మ మీదే వాలతాయి కదా!

ఆ పిట్టల్లో నేనూ ఒకణ్ణి. ఉద్యోగం వచ్చి బైకు కొన్నాక నేనూ వేగంగానే నడిపాను. చలానాలు పడ్డాయి. 2022 మార్చిలో మన రాష్ట్రంలో ద్విచక్ర వాహనాల పాత చలానాలపై 75 శాతం రాయితీ ఇస్తే, పావు వంతు కట్టి సంబరపడ్డాను. 2023 డిసెంబరులో మళ్లీ 80 శాతం రాయితీ వచ్చింది. కట్టకుండా ఆగితే తగ్గుతుందని మనసుకు అలవాటైపోయింది. శిక్ష పెద్దదా చిన్నదా అన్నది కాదు, తప్పక పడుతుందా లేదా అన్నదే ముఖ్యం. ఇది మన హాస్టల్ వాళ్లకు తెలియనిదా? సారు ఎప్పుడో కొడతారని కాదు, రాత్రి తప్పకుండా హాజరు తీసుకుంటారనే కదా మనం గోడ దూకనిది!

ఒకరోజు అదే వేగంతో కొత్తవాడ మీదుగా పోతుంటే, చేతిలో నోటుబుక్కుతో ఒక పిల్లవాడు రోడ్డు అంచున నిలబడి కనిపించాడు. గుండె ఝల్లుమంది. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. బ్రేకు మీద కాలు పడేలోపే పిల్లవాణ్ణి దాటిపోతాం, లేదా గుద్దేస్తాం. ఆనాడు తమ్ముణ్ణి గుద్దిన వాణ్ణి ఎంత తిట్టుకున్నానో! ఈనాడు వాడికీ నాకూ తేడా ఏముంది?

తమ్ముళ్లారా! స్పీడు బ్రేకరు, గీతలు వేయించమని మున్సిపాలిటీకి అర్జీ పెట్టండి, నేనూ సంతకం చేస్తాను. మన ప్రహరీ మీద రోడ్డు దాటుతున్న పిల్లల బొమ్మలు మీరే గీయండి. అక్షరాలను చూసి ఆగనివాడు ముఖాలను చూసి ఆగుతాడేమో. రేపు మీ చేతికీ బండి వస్తుంది. ఆనాడు ఈ రోడ్డు అంచున నిలబడింది మీరేనని మరిచిపోకండి.

- ఒక పూర్వ విద్యార్థి