జాబితాలో లేని కుర్రవాడు

శీతాకాలంలో అమెరికా వెళ్లకండని అనుభవజ్ఞులంతా చెబుతూనే ఉన్నారు. మేం వినలేదు. ఫలితంగా ఒహాయో రాష్ట్రంలో ఓ చిన్న ఊళ్లో, మా అబ్బాయి ఇంట్లో, నేనూ మా ఆవిడా నాలుగు నెలలపాటు మంచులో చిక్కుబడిపోయాం. అబ్బాయీ కోడలూ ఆఫీసులకు, మనవరాలు బడికి వెళ్లిపోతే, మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చోవాలి. నలభై తొమ్మిదేళ్ల కాపురం తరవాత అందులో కొత్తగా చూడవలసింది ఏముంటుంది చెప్పండి?

మమ్మల్ని ఆదుకున్నవాడు పొరుగింటి పెద్దాయన. పోస్టుమాన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. ఓ బుధవారం సాయంత్రం తలుపు తట్టి, "మా కాలేజీలో బాస్కెట్ బాల్ ఆట ఉంది, వస్తారా? లోపల వెచ్చగా ఉంటుంది" అన్నాడు. ఆట సంగతి ఎలా ఉన్నా, వెచ్చగా ఉంటుందన్న మాటకు మా ఆవిడ అప్పుడే శాలువా కప్పుకుంది.

ఆ ఆట నాకు బొత్తిగా తెలియనిది కాదు. 1891లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామోపాధ్యాయుడు, చలికాలంలో కుర్రాళ్లను గదిలో ఆడించడం ఎలాగా అని ఆలోచించి, రెండు పీచ్ పళ్ల బుట్టలు గోడకు కొట్టించి దీన్ని సృష్టించాడు. ఆయన పనిచేసింది వై.ఎం.సి.ఎ. వారి శిక్షణాలయంలో. ఆ వై.ఎం.సి.ఎ. వారే 1920లో మద్రాసులో వ్యాయామ కళాశాల పెట్టారు. అక్కడ తర్ఫీదు పొందిన డ్రిల్లు మేష్టారొకరు మా హైస్కూల్లో ఉండేవారు. కమ్మరి చేత ఇనపకమ్మీ వంచించి, తాటిమొద్దుకు బిగించి, పిల్లల చేత ఈ ఆట ఆడించేవారు. ఆయన ప్రసక్తి మళ్లీ వస్తుంది.

ఇంతకూ మేం వెళ్లింది టెలివిజన్‌లో కనిపించే పెద్ద కాలేజీ కాదు. అమెరికా కాలేజీల ఆటల్లో మూడు అంతస్తులున్నాయి. 1973లో ఏర్పడిన మూడో అంతస్తులో నాలుగు వందలకు పైగా కాలేజీలున్నాయి. వీటిలో ఆట ఆడినందుకు స్కాలర్‌షిప్పు ఇవ్వకూడదు. కుర్రాడు పగలు రసాయనశాస్త్రం చదువుకోవాలి, సాయంత్రం చెమటోడ్చాలి, ఫీజు మాత్రం కట్టుకోవాలి. ఇక్కణ్నుంచి డబ్బిచ్చే పెద్ద జట్లలోకి వెళ్లేవాడు నూటికో కోటికో ఒకడు. 1999లో మినియాపోలిస్‌లోని ఆగ్స్‌బర్గ్ కాలేజీ నుంచి డెవీన్ జార్జి అనే అతణ్ణి లాస్ ఏంజిలిస్ లేకర్స్ వారు తీసుకోవడం ఇప్పటికీ కథలాగా చెప్పుకుంటారు. తక్కినవాళ్లంతా చదువు కాగానే గుమాస్తాలో, మేష్టర్లో, బ్యాంకి ఉద్యోగులో అయిపోతారు.

మరి వాళ్లకు దక్కేదేమిటి? ఒకే ఒక జాబితా. ఎనిమిదో పదో కాలేజీలు కలిసి 'కాన్ఫరెన్సు' అని ఓ కూటమి కట్టుకుంటాయి. ఒహాయోలో అలాంటిదొకటి 1902 నుంచీ ఉంది. ఏటా ఫిబ్రవరి చివర, కూటమిలో కోచ్‌లంతా ఓట్లు వేసి, ఆ ఏటి మేటి ఆటగాళ్ల పేర్లు ప్రకటిస్తారు. మొదటి జట్టు, రెండో జట్టు, ఆ తరవాత 'గౌరవనీయుల' పట్టిక. దీనికే 'ఆల్ కాన్ఫరెన్స్' అని పేరు. చాలా కూటముల్లో ఏ కోచ్ కూడా తన కుర్రాడికి తాను ఓటు వేసుకోకూడదు. ఈ నియమం విన్నప్పుడు, మన సాహిత్య సంఘాలకు కూడా ఇది ఉంటే ఎంత బాగుండునో అనుకున్నాను.

ఆ జాబితా కోసం ఆ చెక్కమెట్ల మీద జనవరి నుంచే జరిగే చర్చ ఉందే, అది ఆటకంటే రసవత్తరం! మా వరసలో నలుగురు శాశ్వత సభ్యులు. మా పోస్టుమాన్, ఇనపసామాను కొట్టు యజమాని, లైబ్రరీలో పనిచేసి రిటైరైన ఒక ముసలమ్మ, ఒకప్పుడు అదే కాలేజీ జట్టులో ఆడిన ఓ పొడుగాటాయన. పెళ్లిసంబంధం మంచిచెడ్డలు తేల్చడానికి కూర్చున్న మన పెద్దవాళ్లు కూడా అంత సూక్ష్మంగా పోరు.

"ఆటకు ఇరవై పాయింట్లు వేసేవాణ్ణి కాదని ఇంకెవడికిస్తారు?" అంటాడు కొట్టు యజమాని.

"ఆ ఇరవై వేయడానికి ఎన్నిసార్లు విసిరాడో అదీ చెప్పు" అంటుంది లైబ్రరీ అమ్మ.

"అడుగున ఉన్న జట్టులో వేసిన ఇరవై, అగ్రాన ఉన్న జట్టులో పన్నెండుతో సమానం" అంటాడు మాజీ ఆటగాడు. "పైగా ఆ కోచ్‌లు మన కుర్రాణ్ణి చూసేది ఏడాదికి రెండే రెండు రాత్రులు. ఆ రెండు రాత్రులూ వాడికి జ్వరం తగిలిందంటే సరి. తక్కినదంతా కాగితం మీద అంకెలు చూసి వేసే ఓటే."

"చదువు ముగిసి వెళ్లిపోయేవాడికి ఇవ్వాలా, ఇంకా మూడేళ్లున్న కొత్తవాడికి ఇవ్వాలా?" ఇది మరో ధర్మసందేహం.

అంకెల మాట వస్తే లైబ్రరీ అమ్మ తప్పకుండా తీసే ఉదాహరణ ఒకటుంది. 2012 నవంబరు 20న అయోవాలోని గ్రిన్నెల్ కాలేజీ కుర్రాడు జాక్ టేలర్ ఒక్క ఆటలో 138 పాయింట్లు వేశాడు. దేశమంతా మారుమోగిపోయింది. అతడు బుట్ట వైపు విసిరింది 108 సార్లు, పడినవి 52. తన పాసు అందుకుని తోటివాడు బుట్టలో వేస్తే దాన్ని 'అసిస్ట్' అని రాస్తారు. ఆ రాత్రి అతడి పేరిట అసిస్ట్‌లు సున్నా! అదే ఆటలో అవతలి జట్టువాడు డేవిడ్ లార్సన్ 44 సార్లు విసిరి 34 వేసి 70 పాయింట్లు సంపాదించాడు. "మీలో ఎవరికైనా ఆ రెండోవాడి పేరు జ్ఞాపకం ఉందా?" అని లైబ్రరీ అమ్మ కళ్లద్దాల పైనుంచి చూసేది. ఏటా వింటున్నవాళ్లు గనక అందరికీ జ్ఞాపకమే. అయినా తెలియనట్లు తలలు వంచుకునేవారు.

మా జట్టులో ముప్పైరెండో నంబరు కుర్రాణ్ణి మొదట కనిపెట్టింది మా ఆవిడ. (అన్నట్లు, 2023 దాకా కాలేజీ ఆటగాళ్ల చొక్కాల మీద ఆరు నుంచి తొమ్మిది దాకా అంకెలు ఉండేవి కావట. తప్పు చేసినవాడి నంబరు రెఫరీ వేళ్లతో చూపాలి. చేతికి ఉన్నవి అయిదు వేళ్లే గదా!) రెండో ఆటలోనే మా ఆవిడ నా మోచెయ్యి పొడిచి, "ఏమండీ, ఆ ముప్పైరెండో పిల్లాణ్ణి చూశారా? ఎప్పుడూ కిందపడుతూనే ఉంటాడు. వాళ్లమ్మ చూస్తే ఏమైపోతుందో!" అంది.

పోస్టుమాన్‌కు ఈ మాట తర్జుమా చేసి చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. కోటు జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీశాడు. ఆ కుర్రాడు పడటం లేదట, కావాలనే పడుతున్నాడట. ప్రత్యర్థి బుట్ట మీదికి దూసుకొస్తుంటే ముందుగానే వెళ్లి కాళ్లు తన్నిపెట్టి నిలబడతాడు. వాడొచ్చి రొమ్ము మీద గుద్దుకుంటే తప్పు వాడిదవుతుంది, బంతి మనకు వస్తుంది. తనవాడు బుట్టలో వేయడానికి వీలుగా ఎదుటివాడికి స్తంభంలా అడ్డు నిలుస్తాడు. వెనకనుంచి అరుస్తూ తక్కిన నలుగురికీ ఎటు కదలాలో చెబుతుంటాడు. ఆట పట్టికలో పాయింట్లు రాస్తారు, అసిస్ట్‌లు రాస్తారు, బంతి పోగొట్టుకుంటే అదీ రాస్తారు. గుద్దించుకున్నవీ, అడ్డు నిలిచినవీ, అరిచినవీ రాయరు. ముప్పైరెండోవాడి సగటు ఆటకు ఆరు పాయింట్లు. చదువుకు అదే ఆఖరి ఏడు.

"ఎవరూ రాయకపోతే నేను రాస్తున్నాను" అన్నాడు పోస్టుమాన్. "ముప్పైనాలుగేళ్లు ఉత్తరాలు మోశాను. అందినవాటి లెక్క ఎవరడిగారు? అందని ఒక్కటి అడుగుతారు."

ఫిబ్రవరి ఆఖరున జాబితా వచ్చింది. మా ఇరవై పాయింట్ల కుర్రాడు మొదటి జట్టులో ఉన్నాడు. మరొకడు గౌరవనీయుల్లో చేరాడు. ముప్పైరెండోవాడి పేరు ఎక్కడా లేదు. ఆ సాయంత్రం పోస్టుమాన్ ఇంట్లో కాఫీ తాగుతూ నలుగురూ మండిపడ్డారు. కొట్టు యజమాని సైతం, "కనీసం కింది పట్టికలో అయినా..." అన్నాడు. నేను మాత్రం నోరు మెదపలేదు. ఏ మొహంతో మెదపను?

1996లో ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారానికి ఒక పేరు పంపమని పైనుంచి కాగితం వచ్చింది. నేను హెడ్మాష్టర్ని. లెక్కల మేష్టారి పేరు పంపాను. ఆయన క్లాసులో నూటికి నూరు పాస్. ఆ అంకె ముందు ఎవరు వాదిస్తారు? ఆయన అనర్హుడని ఇప్పటికీ అనను. కాని కోతల రోజుల్లో చదువు మానేసిన పిల్లల్ని పొలాల గట్ల మీదకు పోయి, తండ్రులతో బతిమాలి, మళ్లీ బడికి తెచ్చింది ఎవరు? వానాకాలంలో కాలవ పొంగితే చిన్నపిల్లల్ని భుజాన వేసుకుని దాటించింది ఎవరు? మా డ్రిల్లు మేష్టారు. ఆ పిల్లలు బడికి వచ్చారు గనకనే ఆ నూటికి నూరూ వచ్చింది. దరఖాస్తులో ఇందుకు గడి లేదు. పేరు పంపే ముందు రాత్రి ఆయన నాకు జ్ఞాపకం వచ్చారు కూడాను. జ్ఞాపకం వచ్చినా, 'ఏమని రాయను?' అనుకుని దీపం ఆర్పేశాను. తరవాత రెండేళ్లకు ఆయన రిటైరయ్యారు. నలుగురికీ పంచినట్లే ఆయనకూ ఓ పూలదండ వేసి పంపించాం.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మనకు పగలు గదా అని లేచి ఫోను చేశాను. డ్రిల్లు మేష్టారికి ఎనభై దాటాయి. చెవి కాస్త మందం, గొంతు మాత్రం విజిల్ ఊదినట్లే ఉంది. ముప్పైరెండోవాడి సంగతంతా చెప్పి, ఆఖరికి, "మేష్టారూ, ఆనాడు మీ పేరు పంపవలసింది. నేను పంపలేదు" అన్నాను.

అవతల కాసేపు నిశ్శబ్దం.

"ఆ విషయం నాకు అప్పుడే తెలుసండీ" అన్నారు. "బాధపడలేదంటే అబద్ధమవుతుంది. వారం రోజులు అన్నం సయించలేదు. మా ఇంటావిడ మిమ్మల్ని తిట్టింది కూడాను." చిన్నగా నవ్వారు. "అది సరేగాని, ఆ కుర్రాడికి బాగా ఆడుతున్నావని మీలో ఎవరైనా చెప్పారా?"

నేను మాట్లాడలేదు. ఎవరం చెప్పలేదు. రెండు నెలలుగా వాడి గురించి మాలో మేం చెప్పుకున్నామే గాని, వాడితో ఒక్కరమూ అనలేదు.

"చెప్పండి. ఆట మిగిలి ఉండగానే చెప్పాలి" అన్నారు మేష్టారు.

మిగిలింది ఒకే ఆట. కూటమి పోటీల్లో రెండో అంచెలో మావాళ్లు నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయారు. ముప్పైరెండోవాడు నాలుగు వేశాడు, రెండుసార్లు గుద్దించుకున్నాడు. ఆట అయ్యాక కుర్రాళ్లు కళ్లు తుడుచుకుంటూ తల్లిదండ్రుల దగ్గరకు వెళుతున్నారు. నేనూ పోస్టుమానూ మెట్లు దిగి వెళ్లాం. మా ఆవిడ వెనకే వచ్చింది.

దగ్గరనుంచి చూస్తే పసివాడిలా ఉన్నాడు. మోకాలికి కట్టు. "బాబూ, నీ ఆట చూడటానికే మేం వచ్చేవాళ్లం" అన్నాను. నా ఇంగ్లీషు అతనికి అర్థమైందో లేదో, చెయ్యి చాపి గట్టిగా పట్టుకున్నాడు. మా ఆవిడ తెలుగులోనే, "దెబ్బలు తగిలించుకోకు నాయనా" అంది. ఆ మాట తర్జుమా లేకుండానే అర్థమైనట్లుంది.

పోస్టుమాన్ నోటు పుస్తకం తెరిచి, ఆ ఏటి లెక్క ఉన్న కాగితం చింపి ఇచ్చాడు. ఆట ఆటకీ తేదీ వేసి, గుద్దించుకున్నవి, అడ్డు నిలిచినవి, నేలమీద పడి పట్టుకున్న బంతులు అన్నీ పెన్సిలుతో గీతలు గీసి ఉన్నాయి. కుర్రాడు అలాగే నిలబడి, మొదటినుంచి చివరిదాకా చదివాడు. చదివి, ఒకచోట వేలు పెట్టాడు.

"ఇది తప్పండీ" అన్నాడు. "జనవరిలో ఆ ఆటలో పడ్డది నేను కాదు. మా పదిహేనో నంబరువాడు."

పోస్టుమాన్ కళ్లద్దాలు సర్దుకుని, జేబులోంచి పెన్సిలు తీసి, ఆ గీత కొట్టేశాడు. తరవాత పుస్తకంలో కొత్త కాగితం తిప్పి, పైన '15' అని వేసి, దాని కింద ఒక గీత గీశాడు.