ఒకటి ఇంట, ఒకటి పొరుగూర

పిల్లలూ! మా పర్చూరు ఇంట్లో రౌటరు అనే చిన్న పెట్టె ఉన్నది. దాని యూఎస్‌బీ రంధ్రానికి హార్డ్ డిస్కు తగిలించాను. ఇంటిల్లిపాదీ వైఫై ద్వారా ఫోటోలు అందులోనే దాచుకుంటారు. మా నాన్నగారి ఒకే ఒక్క ఫోటో, పొలం కాగితాల నకళ్ళూ అక్కడే ఉన్నవి.

అయితే తెలివిగల రైతు విత్తనమంతా ఒకే కుండలో పోస్తాడా? ఒకరు పొరపాటున చెరిపితే ఆ ఫోటో అందరికీ పోయినట్టే! 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అటువంటి వానకు ఇల్లు కురిస్తే, డిస్కు మాత్రం తడవదా?

అందుకే మరొక డిస్కులో నకలు తీసి, నరసరావుపేటలో మా అమ్మాయి ఇంట ఉంచాను. నెలకొకసారి దానిని తెప్పించి, కొత్తవి చేర్చి, తెరిచి చూసి మరీ పంపుతాను. తెరుచుకోని నకలు మొలకెత్తని విత్తనమే గదా!