అబ్బాజాన్ అంబాసిడర్, ఉస్తాద్ గ్రీజు గన్ను

మరమ్మతు అంటే తెలుగు మాటే అనుకుంటారు చాలామంది. అది మన మరమ్మత్. లారీ ఇరుసు మీద ఉండే ఉక్కు పట్టీల కట్టని ప్రొద్దుటూరులో ఎవర్ని అడిగినా కమాన్ కట్ట అంటారు. కమాన్ అంటే ఫార్సీలో విల్లు. ఆ వంపు చూస్తే పేరెట్లా వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, తెలుగు అక్షరాల మీద రోజీ సంపాదించుకుంటున్న నాకు, రెండు జబాన్లూ పేచీ లేకుండా ఒకే చాప మీద కూర్చునే చోటు మెకానిక్ షెడ్డేననిపిస్తుంది.

మా అబ్బాజాన్ వదిలిపెట్టి వెళ్లిన అంబాసిడర్ 1992 నాటిది, డీజిల్ బండి. ప్రొద్దుటూరులో బట్టల మూటలు ఎక్కించుకుని జమ్మలమడుగు, ముద్దనూరు, పులివెందుల తిరిగేవారు. ఆయన ఇంతెకాల్ అయ్యాక ఇంట్లో రెండు పార్టీలైనాయి. తమ్ముడేమో అమ్మేద్దామంటాడు. "మీ అబ్బా నిషానీ రా అది, నా జనాజా లేచినాకే అమ్ముకోండి" అంటుంది అమ్మీ.

తమ్ముడి మాటలో న్యాయం లేకపోలేదు. ఈ బండికి ఎయిర్ బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు. పదిహేనేళ్లు దాటిన కారు ఆర్సీ మళ్లీ చేయించాలంటే 600 ఉన్న ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి 5000 రూపాయలైంది. ఉత్తరపాడాలో హిందుస్తాన్ మోటార్స్ వాళ్ల ఫ్యాక్టరీ 2014లోనే మూతపడింది. నిషానీ అని షెడ్డులో టార్పాలిన్ కప్పి పెట్టుకుంటే ఎవరికీ నష్టం లేదు. దాన్ని రోడ్డెక్కించి అందులో అమ్మీని కూర్చోబెట్టాలన్నప్పుడే వస్తుంది అసలు ఫికర్.

పోయిన చలికాలంలో పులివెందులలో ఖాలా మనవరాలి నికాహ్ కుదిరింది. దోవలో జమ్మలమడుగులో ఫుప్పూని ఎక్కించుకోవాలి. అమ్మీ ఈ బండిలోనే పోదామని జిద్దు పట్టింది. వారం ముందు బండిని ఉస్తాద్ దగ్గరికి తీసుకుపోయాను. డెబ్బై దాటిన మనిషి. ఆయన బానెట్ జోలికే పోలేదు. ముందు జాకీ పెట్టించి, చక్రం నేలనుంచి లేచాక, కింద దిమ్మలు కూడా పెట్టించాడు. ఒట్టి జాకీని నమ్మి బండి కిందికి దూరేవాళ్లంటే ఆయనకు మా చెడ్డ కోపం.

టైరును పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి ఊపాడు. టక్ మంది. "బ్రేకు తొక్కి పట్టు బేటా" అన్నాడు. తొక్కాను. మళ్లీ ఊపాడు, మళ్లీ టక్. బ్రేకు తొక్కినప్పుడు ఆ ఆట ఆగిపోతే లోపం వీల్ బేరింగులో ఉన్నట్టు. ఆగకపోతే కింగ్ పిన్ దగ్గర ఉన్నట్టు. తర్వాత చేతులు ఎడమకి, కుడికి పెట్టి ఊపాడు. అక్కడ ఆట ఉంటే టై రాడ్ ఎండుదో, స్టీరింగ్ ర్యాకుదో అయి ఉంటుంది. మాది అక్కడ బాగానే ఉంది. ర్యాకుకి తొడిగిన రబ్బరు బెల్లో మాత్రం ఒక పక్క చిరిగింది. చిరిగినచోట నూనె కారిపోతుంది, మన ఊరి దుమ్ము లోపలికి పోతుంది. రెండూ కలిశాయంటే ర్యాకు పళ్లను ఆకురాయి పెట్టినట్టు అరగదీస్తాయి. కొత్త బెల్లో ఖరీదు ర్యాకు ఖరీదు ముందు ఏ మూలకీ రాదు.

కింగ్ పిన్ సంగతి కొంచెం విడమరిచి చెప్పాలి. అంబాసిడర్ పుట్టుకే ఇంగ్లీషువాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి. ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే నిలువు కడ్డీకి పైనా కిందా మరలు ఉంటాయి. ఆ మరలు ట్రనియన్ అనే ఇనప దిమ్మల్లో తిరుగుతాయి. స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ మర మీద మర రాసుకుంటుంది, మధ్యలో ఉండేది గ్రీజు ఒక్కటే. గ్రీజు ఎండితే మర అరుగుతుంది. అరిగి అరిగి ఒకరోజు కడ్డీ దిమ్మలోంచి ఊడి వస్తుంది, చక్రం బండి కిందికి మడత పడుతుంది. ఇంటి ముందు మలుపు తిప్పేటప్పుడు ఊడితే నసీబ్ బాగున్నట్టే. ఎదురుగా ఎర్రగుంట్ల సిమెంటు లారీ వస్తున్నప్పుడు ఊడితే?

ఇది నడిపేవాడికి తెలీదు. ఆట కొద్దికొద్దిగా పెరుగుతుంది, చేతులు దానికి తగ్గట్టు సర్దుకుపోతాయి. రోజూ నడిపే మా తమ్ముడు "స్మూత్‌గానే ఉంది కదా భయ్యా" అన్నాడు. అబద్ధమేమీ చెప్పలేదు. టైరును చేత్తో ఊపి చూసే ఉస్తాదుకి తెలిసింది గానీ స్టీరింగ్ పట్టుకున్న తమ్ముడికి తెలియలేదు.

"అల్లాహ్ ఉన్నాడు, నికాహ్ అయినాక చేయిద్దాం" అన్నాడు తమ్ముడు. ఉస్తాద్ అతని వైపు చూడకుండానే, "ఒంటెను కట్టేసినావా, తాడు మధ్యలోనే తెగిందా?" అన్నాడు. తవక్కుల్ గురించి చిన్నప్పటి నుంచి వింటున్న మాటే. తమ్ముడు ఇంకేం మాట్లాడలేదు.

సామాన్లు చెన్నై పుదుపేట నుంచి తెప్పించాం. కొత్త ప్యాకెట్లో వచ్చిన ఒక దిమ్మను ఉస్తాద్ వేలితో తడిమి వాపస్ పంపేశాడు, మర వదులుగా ఉందని. రెండోది పనికొచ్చింది. ముందు వైపు మోసే టార్షన్ రాడ్లు కూడా చూశాడు. మెలి తిరిగి బరువు మోసే ఉక్కు కడ్డీలవి. విప్పినప్పుడు ఎడమదానికి సుద్దతో గుర్తు పెట్టాడు. ఇన్నేళ్లుగా ఒక వైపుకే మెలి తిరిగిన దాన్ని రెండో వైపు బిగిస్తే విరిగిపోతుందట. వెనక కమాన్ కట్టల్లో పట్టీలు బాగున్నాయి, బుష్షులు మాత్రం పిండి పిండి అయినాయి. అవి మార్చి, చివర్లో అలైన్‌మెంట్ చేయించాం.

ప్రయాణం రోజు ఫజర్ తర్వాత బయలుదేరాం. జమ్మలమడుగు దాకా రేగడి నేల. వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది, పైనున్న తారు రోడ్డు అలలు అలలుగా అవుతుంది. ఇంతకుముందు ఆ అలల మీద బండి ఒక పక్కకి గుంజేది. దాన్ని మేం రోడ్డు లోపం అనుకునేవాళ్లం. ఈసారి తిన్నగా పోయింది. ముద్దనూరు దాటినాక, "మీ అబ్బా తోలినట్టే ఉంది" అంది అమ్మీ. ఫుప్పూ అప్పటికే నిద్రపోయింది.

అయినా తమ్ముడితో ఒక ఒప్పందం చేసుకున్నాను. రాత్రిపూట ఈ బండి కదలదు. అరవై దాటించేది లేదు. కడప దాటి పోవాల్సి వస్తే అతని కొత్త కారులోనే. అమ్మీకి ఈ షర్తులు నచ్చలేదు. నచ్చకపోయినా ఇవి ఇంతే.

మీ ఇంట్లోనూ ఇట్లాంటి గాడీ ఉంటే ఒక్క ఖర్చు మాత్రం వాయిదా వేయకండి. ఉస్తాద్ లెక్క ప్రకారం వెయ్యి కిలోమీటర్లకోసారి గ్రీజు పెట్టాలి. చక్రం గాల్లో ఉన్నప్పుడే పెట్టాలి, బరువు దాని మీద ఉంటే గ్రీజు మరల్లోకి సరిగా పోదు. నల్లగా అయిన పాతది బయటికొచ్చి కొత్తది కనపడేదాకా గన్ను కొట్టాలి. టైరు ఒక అంచునే అరుగుతుంటే టైరు మార్చి ఊరుకోకండి, అది ఎందుకు అరుగుతోందో చూపించుకోండి.

ఉస్తాదుకి ఇప్పుడు షాగిర్దులు లేరు. ఉన్న పిల్లలు ల్యాప్‌టాప్ పెట్టి లోపం చదివే షోరూములకి పోయారు, వాళ్లను తప్పు పట్టలేం, జీతం అక్కడుంది. ఈ నెల మా తమ్ముడి కొడుకుని, పదో తరగతి వాడిని, వెంటబెట్టుకుని పోయాను. ఉస్తాద్ వాడి చేతికి గ్రీజు గన్ను ఇచ్చి, నిపిళ్లన్నీ వెతికి లెక్క చెప్పమన్నాడు. వాడు ఒకటి తక్కువ చెప్పాడు. మళ్లీ పంపిస్తే ఎడమ చక్రం దగ్గర మట్టి కింద కప్పబడిపోయి దొరికింది. గన్ను పెడితే గ్రీజు ఎక్కడంలేదు. విప్పి కిరోసిన్‌లో నానేశాం. జుమా తర్వాత పోయి బిగించాలి.